మెట్ల మలుపు

ముందు కంప్యూటర్‌లో వల అల్లందే, ఇళ్లను సైతం అచ్చు వేసే త్రీడీ యంత్రం గరిటె కూడా అచ్చు వేయని రోజులవి. వస్తువును చిన్న త్రికోణాల వలగా విడగొట్టి బరువును తట్టుకుంటుందో లేదో చూసే ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను సుభాషిణి, ఆమె చెల్లెలు అరుంధతి కలిసి రాశారు. ప్రతి పనీ మొదలుపెట్టే ముందు యంత్రం వాళ్ల పేర్లు పైకి చదివేది. అరుంధతి చనిపోయిన ఏడాదే, ఇళ్లు అచ్చు వేసే కంపెనీ నడిపే చక్రధర్ ఆ పేర్లు చెరిపేసి, కోడ్‌కు తాళం వేసి అమ్ముకున్నాడు.

ఇప్పుడు అతనే ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. సుభాషిణి గోరుచిక్కుళ్లు తుంచుతోంది.

“మెట్ల మలుపు దగ్గర వల చిరిగిపోతోందండి, మెట్లు అచ్చు కావడం లేదు. నేను కట్టిన ఇళ్లల్లో జనం నిచ్చెనలేసుకుని ఎక్కుతున్నారు. కేసులు పెడతామంటున్నారు.”

“అది మా ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడో సరిచేశాం. ఎవరైనా తీసుకోవచ్చు. వాడుకుంటే మాత్రం మీ కోడ్ అంతా అందరికీ తెరిచిపెట్టాలి. పేర్లు మళ్లీ చదివించాలి.”

“తెరిస్తే నా కంపెనీ మిగలదమ్మా.”

“తెలుసు.”

అతను వెళ్లిపోయాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. “తెరిచేశాను. మా ఇంటి మెట్టుతోనే మొదలుపెడుతున్నా, వినండి.”

యంత్రం మొదట అరుంధతి పేరు చదివింది.

“సరిగ్గా వినపడలేదు,” అంది సుభాషిణి. “ఇంకో మెట్టు వేయండి.”