సాంబ్రాణి పొగ

ఆ సాయంత్రం దాకా ఏ ఇంట్లోనూ పొగ రాకపోతే ఊరు 'పొగలేని ఇళ్లు' అనే ప్రపంచ లక్ష్యం చేరినట్టు. చేరితేనే సర్కారు పంపిన కాన్పుల నర్సు ఊళ్లో ఉంటుంది. ప్రతి ఇంటి గోడమీదా పొగను పసిగట్టే యంత్రపు కన్ను ఒకటి కాపలా కాస్తోంది. ఆ సంగతి మరిచి పోలమ్మ, మనవరాలికి తలంటి, అలవాటు కొద్దీ నిప్పుల మీద సాంబ్రాణి చల్లింది. కన్ను పసుపు రంగుకు మారింది.

"కొంప ముంచావత్తా! నీళ్లు పొయ్యి!" అంది కోడలు హైమ.

"పోస్తే ఇంకా పొగ లేస్తాదే!"

కన్ను ఎర్రబడితే ఇక దిద్దుబాటు లేదు. పోలమ్మ నిప్పుల మూకుడు రెండు చేతులా ఎత్తి, కొంగు కప్పి, ఊరవతలి చేలోకి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి పొద్దు గూకింది; కన్ను ఆకుపచ్చగా ఉంది. ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి.

"నర్సు దగ్గరికి పదత్తా," అంది హైమ, ఏడుపు ఆపుకుంటూ.

"పద. ఇంత కష్టపడి ఆవిడ్ని ఊళ్లో నిలబెట్టుకున్నాం, పని చెప్పొద్దూ?"