రైలు మారే చోట బొమ్మలు

ఈమధ్యే అక్షరాలు నేర్చుకున్నాను, నెమ్మదిగా రాస్తాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

"ఇద్దరం వెళ్లాల్సిన ప్రయాణం. ఒక్కదాన్ని ఎక్కడికి పోతానే, పొయ్యిలో పడెయ్," అంటూ దెయోలిందా, చనిపోయిన భర్త రాసిన రైళ్ల పుస్తకాన్ని కూతురికిచ్చింది.

జుల్మీర తెరిచి చూసింది. లిస్బన్, మాడ్రిడ్, పారిస్, వియన్నా. రైలు మారాల్సిన ప్రతిచోటా బొమ్మలే.

"ఇవేంటమ్మా?"

"నాకు చదువు రాదని మీ నాన్న వెక్కిరింపు."

"ఎర్ర రైలు, గడియారం, దాని కింద బెంచీ... నాన్న పక్కనుంటే నీకివెందుకమ్మా?"

దెయోలిందా కళ్లద్దాలు పెట్టుకుంది. ప్రతి బెంచీ మీదా తనలాగే తలగుడ్డ కట్టుకున్న ఆడమనిషి ఒక్కతే కూర్చుని ఉంది.

"ఎప్పుడు గీశాడు?"

"పైన తేదీ ఉంది. పెద్దాసుపత్రికి వెళ్లొచ్చిన మర్నాడు."

"ఉత్త దగ్గేనన్నాడే నాతో," అంది దెయోలిందా. పుస్తకాన్ని మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

— దెయోలిందా, డెబ్బై ఆరేళ్లు, ఎంట్రొంకమెంటో, పోర్చుగల్