నాలుగు వేళ్ళు ముందుకు

హ్యాండ్ బ్రేకు ఉండాల్సిన చోట లేదు.

అత్తగారు పొడిగుడ్డతో కారు తుడుస్తూ, అలవాటు ప్రకారం డ్రైవరు కూర్చునే కాక్‌పిట్‌లోకి చెయ్యి పెట్టారు. ఆ కారులో ఏది ఎక్కడుందో ఆవిడకు చూడకుండానే తెలుసు, వంటింట్లో ఉప్పు డబ్బాలాగ. ఇవాళ చేతికి గాలి తగిలింది. వంగి చూశారు. బ్రేకు నాలుగు వేళ్ళు ముందుకు జరిగి కూర్చుంది. దాని పక్కన గేరు లివరు కూడా తోడుపెళ్ళికూతురులా జరిగింది. పాత బోల్టుల కన్నాలు మాత్రం ఏమీ ఎరగనట్టు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

అది రోడ్డు మీద తిరిగే కారు కాదు. డ్రాగ్ రేసు కారు. తిన్నగా ఒకటే పరుగు, రెప్ప వేసి తీసేలోగా అయిపోతుంది. లోపల ఒక్క మనిషికే చోటు, అదీ మోచేతులు డొక్కలకు అంటించుకుని కూర్చుంటేనే. బెల్టులు బిగించాక ఒళ్ళు కదలదు. అందుకే బ్రేకునూ లివరునూ నడిపే మనిషి చేతి కొలత తీసుకుని బిగిస్తారు. ఒకరి కొలతకు బిగించిన కారులో ఇంకొకరు కూర్చోవడమంటే, పక్కింటివాళ్ళ కళ్ళజోడు పెట్టుకుని సూదిలో దారం ఎక్కించడమే.

మరి ఈ కొత్త కొలత ఎవరిది?

కారు షెడ్డులో ఇంజను పని కొడుకుది, బిగింపు పని కోడలిది. ఆదివారం రేసు. నాలుగు రోజుల కిందట కోడలి అన్న చెప్పాపెట్టకుండా దిగాడు. వేరే ఊళ్ళో ఇలాంటి కార్లే నడిపేవాడు. ఆ జట్టు మూతపడింది. చూసి పోదామని వచ్చానన్నాడు గానీ, అతని పెట్టె అప్పుడే మంచం కిందకు చేరింది. మనిషి గెడకర్రలా ఉంటాడు. చేతులు చాపితే నాలుగు వేళ్ళేం ఖర్మ, వీధి మొగ వరకూ అందుతాయి.

అత్తగారికి లెక్క కుదిరింది. సీటు కోడలి పుట్టింటి వైపు జరుగుతోంది.

దానికి సాకు కూడా ఉంది. పోయిన రేసులో కారు గీత దాటాక ఆగకుండా వెళ్ళి ఇసుకలో దిగబడింది. తప్పు బ్రేకుదే తప్ప మనిషిది కాదని అత్తగారు అక్కడికక్కడే తేల్చేశారు. కోడలు బ్రేకంతా ఊడదీసి చూసి, కిమ్మనకుండా మళ్ళీ బిగించింది. ఆ కిమ్మనకపోవడమే ఆవిడకు గుచ్చుకుంది. నోరున్న కోడలు నోరు కట్టేసుకుందంటే లోపల ఏదో ఉడుకుతున్నట్టే.

అబ్బాయిని కదిపి చూశారు. బిగింపుల్లో తాను వేలు పెడితే వేలే ఊడుతుందని, ఇంజను కిందనుంచే చెప్పాడు. చీమ కుట్టినట్టయినా లేదు వాడికి. పెళ్ళయిన కొడుకు ఇంతకంటే ఏం చెబుతాడులెమ్మని సరిపెట్టుకున్నారు.

భోజనాల దగ్గర నిఘా పెట్టారు. కోడలి అన్న మారు అడిగి వడ్డించుకున్నాడు. రేసు కారెక్కేవాడు బరువు చూసుకోకుండా ఇలా తింటాడా అని అనుమానం కాస్త తగ్గింది. అంతలో కోడలు వాళ్ళన్నకు ఇంకో గరిటె వేసింది. తగ్గినదంతా మళ్ళీ పెరిగింది. అత్తగారు పిడికెడు తిని చెయ్యి కడుక్కున్నారు.

మధ్యాహ్నం షెడ్డులోంచి అన్నాచెల్లెళ్ళ మాటలు వినపడ్డాయి. తలుపు సందులోంచి చూశారు. అనుకున్నంతా అయింది. సీట్లో కోడలి అన్న, పక్కన టేపు పట్టుకుని కోడలు. కాకపోతే ఒక్కటే అర్థం కాలేదు. అతని కుడి భుజాన్ని తువ్వాలుతో ఒంటికి బిగించి కట్టేసి ఉంది.

"అందిందే," అన్నాడతను.

"భుజం లాగావన్నయ్యా. భుజం కదలకుండా అందుకో."

దొంగతనానికి వచ్చినవాణ్ణి కట్టేస్తారు గానీ, సీటెక్కించేవాణ్ణి కట్టేస్తారా? అత్తగారు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళారు.

"దిగు నాయనా," అన్నారు చల్లగా.

అతను దిగబోయాడు గానీ, బెల్టులు ఒకవైపు, తువ్వాలు ఒకవైపు పట్టుకున్నాయి. ఎక్కడివాడక్కడే ఉండిపోయాడు.

"ఆదివారానికి మీ అన్న చెయ్యి సరిపోయిందా అమ్మాయ్?"

కోడలు టేపు చుట్టి జేబులో వేసుకుంది. తల దించలేదు, గొంతు పెంచలేదు.

"అన్నయ్యకి కాదత్తయ్యా. పోయిన రేసులో బ్రేకు బాగానే ఉంది. చెయ్యే వెనక్కి రాలేదు. కుడి భుజం పట్టేసింది. పై అరలో డబ్బా తియ్యాలన్నా ఎడమ చెయ్యే లేస్తోంది, నేను చూస్తూనే ఉన్నా. అడిగితే ఒప్పుకోరు. అందుకే అన్నయ్య భుజం కట్టేసి, చేతి పొడుగులో తేడా తీసేసి, ఎక్కడ బిగిస్తే అందుతుందో చూస్తున్నా. రేసయ్యాక డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తా. అప్పుడు కాదంటే మాత్రం ఊరుకోను."

అత్తగారు కాక్‌పిట్‌లోకి తొంగి చూశారు. కొత్త బోల్టులు తడిమారు.

"లివరు మరీ ముందుకు పోయింది," అన్నారు చివరికి. "మోకాలికి తగులుతుంది. ఒక వేలు వెనక్కి తియ్యి."

కోడలు తీసింది.

ఆదివారం మైకులో డ్రైవరును పిలవగానే కొడుకు తలుపు తీశాడు, కోడలు బెల్టులు ఎత్తి పట్టుకుంది, అత్తగారు హెల్మెట్ తగిలించుకుని లోపలికి దిగారు.