నాలుగు మూలలా

ఆ పొద్దున ఏలూరు మీద మబ్బు బాగా కిందికి దిగి ఉంది. చినుకు పడలేదు గానీ, మబ్బు కిందనుంచి గూడబాతులు బారు కట్టి కొల్లేటి వైపు పోతున్నాయి.

కొత్తగా లాయరాఫీసు తెరుస్తున్న సాయిప్రియకి ఆకాశం చూసే తీరిక లేదు. జగ్గారావు ప్రెస్సులో బల్ల ముందు నిలబడి తన లెటర్‌హెడ్ల కట్ట విప్పింది. విప్పగానే ముఖం ఎర్రబడింది.

"ఏవండీ జగ్గారావుగారూ, శుభలేఖలనుకున్నారా ఇవి? నాలుగు మూలలా ఈ పసుపేంటండీ!"

"మొదటి కట్ట కదమ్మా," అన్నాడు జగ్గారావు పసుపు గిన్నె పక్కకి జరుపుతూ. "పెళ్లి కానివ్వండి, కొత్త షాపు కానివ్వండి, పసుపు పెట్టకుండా నా గుమ్మం దాటనివ్వలేదు ఇంతవరకు."

"నావి లాయరు నోటీసులండీ! పసుపు పూసుకుని వెళ్తే అవతలివాళ్లు భోజనాలెప్పుడని అడుగుతారు."

ఆ కాయితం కోసం ఆమె ఎంత తిరిగిందో ఆమెకే తెలుసు. గూడబాతు బొమ్మ పెడదామంటే, "చేపని మింగేదాన్ని పెడితే క్లయింట్లు జడుసుకుంటారమ్మా" అని జగ్గారావే వద్దన్నాడు. చివరికి త్రాసు బొమ్మ ఖాయమైంది. ముదురు నీలం రంగు, వేలికి తగిలే ఉబ్బెత్తు అక్షరాలు, పట్టుకుంటే బరువు తెలిసే దళసరి కాయితం. కవరు చూడగానే అవతలి మనిషికి గుండె ఝల్లుమనాలి. అదీ ఆమె పట్టుదల.

ఆ పట్టుదలకి కారణం బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. పెద్దింటమ్మ. ఆఫీసుకి మొదటి క్లయింటు. కొల్లేటి ఒడ్డున నాన్న చేపల చెరువులో తన వాటా తమ్ముడు చిట్టిబాబు ఇవ్వడం లేదని వచ్చింది. ఇదివరకు ఇద్దరు లాయర్లు నోటీసులిచ్చారు. రెండూ చించి చెరువులో కలిపేశాడు. ఇదీ చేపల పాలైతే, బోర్డు తగిలించకముందే సాయిప్రియ కోర్టులో అందరి నోళ్లలో పడుతుంది.

పెద్దింటమ్మ ఒక కాయితం రెండు చేతులా అందుకుంది. "కాటా భలేగా వేశారండీ. మా చేపల కాటా ఇంత తిన్నగా ఏనాడూ నిలబడలేదు."

"నవ్వులాట కాదండీ. మీ తమ్ముడు వణకాలి."

"నీటిపాముని మెళ్లో వేసుకు తిరిగినోడమ్మా వాడు. కాయితానికి వణుకుతాడా?"

జగ్గారావు గొణుక్కుంటూ లోపలికి వెళ్లి పసుపు పెట్టని కట్ట తెచ్చాడు. సాయిప్రియ ఒక్కో కాయితమూ తిప్పి చూసుకుంది. మరక లేదు. మేడమీది ఆఫీసుకి వెళ్లి నోటీసు ప్రింటు తీసి, సంతకం చేసి, సీలు కొట్టి, కవర్లో పెట్టి కిందికి దిగింది.

"బస్సుకి పోతా పోతా నేను రిజిస్టరు చేయిస్తాలెండి," అంటూ పెద్దింటమ్మ కొంగు సర్దుకుని లేచింది.

"కవరు అంటించడం మర్చిపోకండి."

"అలాగేనమ్మా."

ఆఫీసుకి బోర్డు తగిలిస్తున్న రోజున చిట్టిబాబు వచ్చాడు. ద్వారబంధమంత మనిషి. చెప్పులు మెట్ల కిందే విడిచి, నీలం కవరు రెండు చేతులా పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు. లోపల కేరియరుతో కూర్చున్న అక్కని చూసి తల దించుకున్నాడు.

సాయిప్రియ ఒళ్లు పులకరించింది. నీలం రంగు పని చేసింది!

"దీన్ని చింపలేదేం?" అంది గంభీరంగా.

"చేతులు రాలేదండీ." కాయితం తీసి బల్ల మీద పరిచాడు. "ఇదివరకటివి బెదిరింపులండీ. చింపేశాను. పసుపు పెట్టిన కాయితాన్ని ఎలా చింపుతామండీ? అది చూడగానే నాన్న కళ్లముందు నిలబడ్డాడు. ఉత్తరం గట్టు పక్క ఎకరం అక్కకి పసుపుకుంకుమల కింద ఇస్తానన్నాడండీ. నేను విన్నాను. విననట్టు ఊరుకున్నాను. ఎక్కడ సంతకం పెట్టమంటారో చెప్పండి, పెట్టేస్తాను."

సాయిప్రియ కాయితం వైపు చూసింది. త్రాసు. నీలం అక్షరాలు. తన సంతకం. నాలుగు మూలలా పసుపు. వేలు దాని దాకా పోనిచ్చి ఆపేసింది. ముట్టుకోవడానికి ఆమెకే చెయ్యి రాలేదు.

మెల్లగా జగ్గారావు వైపు తిరిగింది. బోర్డు పట్టుకుని స్టూలు మీద నిలబడ్డ జగ్గారావు కంగారుగా తల అడ్డంగా ఊపాడు. "నా ప్రెస్సు మీద ఒట్టమ్మా. మీరే ఒక్కోటీ చూసి తీసుకున్నారు కదా!"

"మరెవరండీ?"

"ముందు తినండి, చల్లారిపోద్ది," అంది పెద్దింటమ్మ, కేరియరు విప్పుతూ.

నలుగురూ నేల మీదే ఆకులు వేసుకుని కూర్చున్నారు. వేడన్నం, కొర్రమీను పులుసు. పెద్దింటమ్మ నడుం ముక్క ఏరి తమ్ముడి ఆకులో వేసింది. అతను తల ఎత్తకుండా తింటున్నాడు. జగ్గారావు తింటున్నాడు. సాయిప్రియకి మారు వడ్డించడానికి వంగినప్పుడు పెద్దింటమ్మ కొంగు చివరి ముడి జారి, ఆకు పక్కన చిటికెడు పసుపు రాలింది.