వావిలాకు ఆవిరి

కరోనా పోతూ వస్తూ విసిగించాక, పుట్టిన ప్రతి బిడ్డ ముక్కులోనూ జల్లెడ అమర్చేస్తున్నారు. జలుబులు పోయాయి, వాటితో పాటే వాసనలూ పోయాయి.

ఆ ఉదయం మిహిర జల్లెడ చెడిపోయింది. ముక్కు దిబ్బడేసి, నుదురు పట్టేసి పిల్ల బెంబేలెత్తింది. మెకానిక్కు సాయంత్రంగానీ రాడు.

అమ్మమ్మ లాస్యకు మాత్రం హుషారొచ్చింది. కుండీలోని వావిలాకు దూసి, పసుపేసి నీళ్లు మరిగించింది. చిన్నప్పుడు తనకు వాళ్లమ్మ ఆవిరి పట్టినట్టే, మనవరాలితో కలిసి దుప్పటి ముసుగేసుకుంది.

కాసేపటికి పిల్ల ముక్కు తెరుచుకుంది.

"అమ్మమ్మా, ముక్కులోకి ఏదో వస్తోంది!"

"వాసనే అది, మా అమ్మ వాసన. ఎలా ఉందో చెప్పవే తల్లీ!"

లాస్య ముక్కుకు వాసన తెలిసి ఏళ్లయింది. దాన్ని ఏదో ఒక కరోనా పట్టుకుపోయింది.

మిహిర అమ్మమ్మ మెడ దగ్గర మొహం పెట్టి గట్టిగా పీల్చింది.

"నీ దగ్గరా అదే వస్తోంది."