ఏడుగురూ పలకని రోజు

ఆ బస్సు డ్రైవరు స్టీరింగు ముట్టుకుని ఎనిమిది నెలలైంది.

తప్పు అతనిది కాదని విచారణలో తేలింది. సైకిలు మీద అడ్డం వచ్చిన మనిషి మాత్రం తిరిగి రాలేదు. అప్పట్నుంచీ చేతుల్లో వణుకు, నోటికి తాళం.

ఆ తాళం ఒక్క ఫోన్లోనే తెరుచుకునేది. ప్రమాదాలు చూసిన డ్రైవర్ల గ్రూపు అది. అతను కాక ఏడుగురు. లారీ బాబాయ్ తిట్టి మరీ ఓదారుస్తాడు. టైరు తాత మాటకో సామెత చెబుతాడు. క్రేన్ తమ్ముడి జోకులకు నవ్వు రాదు. అయినా ఇతను నవ్వుతాడు.

"మొహం తెలియనివాళ్లతో ముచ్చట్లు. ఇంట్లో మనిషికి మాత్రం ఊ, ఆ!" అనేది భార్య, కూరలు తరుగుతూ.

"స్టీరింగు పట్టినవాళ్లకే తెలుస్తుందే ఆ బాధ. నీకేం తెలుసు?"

"అవున్లెండి. గరిటె తప్ప నాకేం తెలుసు!"

నెలాఖరుకల్లా డ్యూటీలో చేరకపోతే ఉద్యోగం లేనట్టేనని డిపో నుంచి ఉత్తరం వచ్చింది. 'ఎక్కరా అబ్బాయ్, బండి నిన్ను మింగదు' అన్నాడు లారీ బాబాయ్. ఎక్కలేకపోయాడు.

ఇంతలో భార్యకు జ్వరం. రెండో రోజు మధ్యాహ్నానికి ఒళ్లు పెనంలా కాలిపోతోంది. పిలిస్తే పలకదు. అంబులెన్సుకు గంట పైనే పడుతుందన్నారు. కాలికి పిండికట్టుతో ఉన్న పక్కింటి టీచరమ్మ కారు తాళం చెవి అతని చేతిలో పెట్టింది.

"నేను నడపలేను అన్నయ్యా. మీరే!"

తాళం చెవి జేబులో వేసుకుని ఫోను తీశాడు. గ్రూపులో రాశాడు. 'బాబాయ్, ఒక్క మాట చెప్పు.' జవాబు లేదు. 'తాతా!' లేదు. నిన్నట్నుంచీ ఒక్కడూ ఉలకడు, పలకడు. ఏడుగురికీ ఒకేసారి ఏం రోగం వచ్చిందో!

అందరినీ తిట్టుకుంటూ భార్యను వెనకసీట్లో పడుకోబెట్టాడు. మొదటి మలుపు దాకా ఏడ్చాడు. రెండో మలుపులో హారన్ కొట్టాడు. మూడో మలుపు అతనికి గుర్తే లేదు.

"ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం" అంది డాక్టరమ్మ.

రెండు రోజులకు భార్య లేచి కూర్చుంది.

"నన్నెవరు తీసుకొచ్చారు?"

"నేనే. సోమవారం డిపోకి కూడా వెళ్తున్నా."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"నువ్వన్నదే నిజం. నీ ప్రాణం మీదికొస్తే ఒక్కడూ పలకలేదు. ఇక జన్మలో వాళ్ల మొహం చూడను."

"ఎప్పుడు చూశారు కనక! నా కళ్లజోడు, ఫోను ఇలా ఇచ్చి మందులు తెండి."

అతను గుమ్మం దాటగానే ఆమె కళ్లజోడు పెట్టుకుని, లారీ బాబాయ్ పేరుతో 'నాలుగు రోజులుగా నెట్టు లేదురా అబ్బాయ్' అని రాసి, మిగతా ఆరుగురిచేతా ఏ సాకులు చెప్పించాలా అని ఆలోచనలో పడింది.