గడప దాటినాక

"ఇంకా కసువు ఊడ్చలేదా? కొండల్లో నడిచేదానికొచ్చినోళ్ళు దుమ్ములో పడుకోవాల్నా?"

మా గెస్ట్‌హౌస్ ఓనరు గోవిందయ్య రోజూ ఇట్లనే అరుస్తాడు.

"నా బిడ్డ రానీ అన్నా, ఊడుస్తా."

మనిషి గడప దాటంగానే ఊడిస్తే ఆ మనిషి తిరిగి రాదంటారు. నా కూతురు మునికుమారి వచ్చినోళ్ళకు కొండదోవ చూపిస్తాది. పాములూ, జారుడు బండలూ తలుచుకుని నేను పగలంతా అలిసిపోతాను. మాపటేల అది వచ్చినాకే, మోకాళ్ళు లాగుతా ఉన్నా, గదులన్నీ ఊడుస్తాను.

ఈ పొద్దు దాని మడమ బెణికింది. జనాలు ఇంకో పిల్ల వెంట పోయినారు. వాళ్ళు గేటు దాటినారో లేదో, నిమ్మళంగా కసువుపరక పట్టినాను.

"ఆగుమా," అనింది మునికుమారి వసారాలోంచి.

"ఏమే, నువ్వు ఈడనే ఉండావు గదా?"

నా బయాన్ని రోజూ ఎగతాళి చేసే పిల్ల, కుంటుకుంటా వచ్చి పరక లాక్కునింది.

"ఇప్పుడు గేటు దాటిన పచ్చచొక్కా అమ్మాయిని కన్నామె మద్రాసులో ఉండాది. ఆమెకు బదులు ఈడ పరక పట్టకుండా ఉండేదెవురుమా?"



"ఇంకా ఊడ్చలేదా?" గోవిందయ్య మళ్ళీ అరిచినాడు.

"వాళ్ళు రానీ అన్నా," అన్నాను.